మూడు మ్యాచులు ఆడినవాడిని పాతికేళ్లు ఎందుకు గుర్తుపెట్టుకుంటారు?

ప్రశ్న: నేను రెండు సీజన్ల నుంచి ఒక ఫుట్‌బాల్ క్లబ్‌ను ఫాలో అవుతున్నాను. పాత అభిమానులు కూర్చుంటే గోల్డెన్ బూట్ (సీజన్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే బహుమతి) గెలిచినవాళ్ల కంటే నేనెప్పుడూ వినని పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. "వాడు మా కల్ట్ హీరో" అంటూ కళ్లు చెమర్చుకుంటారు. వెళ్లి లెక్కలు చూస్తే ఆ ఆటగాడు పెద్దగా గోల్స్ కొట్టి ఉండడు, ఒక్కోసారి ఎక్కువ మ్యాచులు కూడా ఆడి ఉండడు. అసలు కల్ట్ హీరోని ఎవరు నిర్ణయిస్తారు? లెజెండ్‌కీ అతనికీ తేడా ఏమిటి? ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో ఎవరు అలా అవుతారో ముందే చెప్పగలమా?

జవాబు:

మీ ప్రశ్న చదవగానే నాకు జిమ్మీ గ్లాస్ గుర్తొచ్చాడు. మీరు అడిగినదాంట్లో సగానికి పైగా జవాబు అతని కథలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1999 మే 8. ఇంగ్లాండ్‌కు ఉత్తరం కొసన, స్కాట్లాండ్ సరిహద్దు దగ్గర కార్లైల్ అనే ఊరు. ఆ ఊరి క్లబ్ కార్లైల్ యునైటెడ్ 1928 నుంచి ఫుట్‌బాల్ లీగ్‌లో ఉంది. ఆ ఏడాది లీగ్‌లో అట్టడుగున ఉండే నాలుగో అంచెలో, అక్కడ కూడా ఆఖరి స్థానంలో ఉంది. చివరి మ్యాచ్ సొంత మైదానం బ్రంటన్ పార్క్‌లో, ప్లిమత్ ఆర్గైల్‌తో. వాళ్లతో పాటు ప్రమాదంలో ఉన్న స్కార్‌బరో క్లబ్ తన మ్యాచ్‌ను డ్రాగా ముగించింది. అంటే కార్లైల్ గెలిచి తీరాలి. లేదంటే 71 ఏళ్ల లీగ్ జీవితం ఆ సాయంత్రంతో ముగుస్తుంది.

గ్లాస్ ఆ టీమ్‌లో గోల్‌కీపర్. నిజానికి ఆ క్లబ్ మనిషి కూడా కాదు. ఉన్న కీపర్‌ను క్లబ్ అమ్మేసింది. లోన్ మీద తెచ్చుకున్నవాడిని అతని సొంత క్లబ్ వెనక్కి పిలిపించుకుంది. అప్పటికే ట్రాన్స్‌ఫర్ గడువు దాటిపోయింది. లీగ్ ప్రత్యేక అనుమతి ఇస్తే స్విండన్ టౌన్ నుంచి ఎమర్జెన్సీ లోన్‌లో వచ్చాడు. అది అతనికి కార్లైల్ తరఫున మూడో మ్యాచ్.

స్కోరు 1-1. ఇంజురీ టైమ్ కూడా అయిపోవస్తోంది. కార్లైల్‌కు కార్నర్ దొరికింది. గ్లాస్ తన గోల్‌ను ఖాళీగా వదిలేసి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాడు. కార్నర్ మీదకు వచ్చిన హెడర్‌ను ప్లిమత్ కీపర్ ఆపాడు, బంతి కింద పడింది. అది దొర్లుతూ గ్లాస్ ముందుకే వచ్చింది. కుడికాలితో కొట్టాడు. గోల్. 95వ నిమిషం. జనం మైదానంలోకి దూకేశారు. వాళ్లను బయటకు పంపి ఆట మళ్లీ మొదలుపెట్టిన కొన్ని సెకన్లకే రిఫరీ విజిల్ వేసేశాడు.

అంతే. మూడు మ్యాచులు, ఒక గోల్. ఆ తర్వాత అతను కార్లైల్‌కు మళ్లీ ఆడలేదు. తర్వాతి రోజుల్లో టాక్సీ నడిపాడు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి: ఆ గోల్ కాపాడిన లీగ్ స్థానం ఎక్కువ కాలం నిలవలేదు కూడా. ఐదేళ్లకే, 2004లో, కార్లైల్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. మళ్లీ ఏడాదికి పైకి వచ్చింది. ఫలితం కోసమే అభిమానులు గ్లాస్‌ను గుర్తుపెట్టుకుని ఉంటే, 2004తో అతని పేరు చెరిగిపోవాలి. చెరగలేదు. ఎందుకంటే వాళ్లు దాచుకున్నది పాయింట్ల పట్టిక కాదు. ఇక అయిపోయిందని అనుకున్న క్షణంలో, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కౌగిలించుకుని అరిచారే, ఆ అరుపు. గ్లాస్ పేరు పలికితే అది మళ్లీ వినిపిస్తుంది.

(ఇదే గోల్ స్కార్‌బరో అభిమానులకు ఎలా ఉంటుందో కూడా ఒక్కసారి ఆలోచించండి. తాము గట్టెక్కామని వాళ్లు అప్పటికే సంబరాలు చేసుకుంటున్నారు. ఆ క్లబ్ మళ్లీ లీగ్‌లోకి రాలేదు, 2007లో మూతపడింది. ఒకే మనిషి పేరు ఒక ఊళ్లో పాట, ఇంకో ఊళ్లో పుండు.)

ఇప్పుడు లెజెండ్‌కీ కల్ట్ హీరోకీ తేడా. ముప్పై ఏళ్లుగా ఈ ఆట చూస్తూ, అభిమానులు చెప్పుకునే కథలు వింటూ నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. లెజెండ్ పేరు చెబితే బయటివాళ్లకు కూడా తెలుస్తుంది, అతని తరఫున కప్పులు మాట్లాడతాయి. కల్ట్ హీరో పేరు చెప్పాక కథ కూడా చెప్పాలి. ఆ కథ అభిమానుల దగ్గరే ఉంటుంది. వాళ్లు చెప్పడం మానేస్తే అది పోయినట్టే. అందుకే ఈ పదవిని క్లబ్ యాజమాన్యం ఇవ్వలేదు, పత్రికలూ ఇవ్వలేవు. స్టాండ్స్‌లో నిలబడ్డవాళ్లే ఇస్తారు, వాళ్లే కాపాడతారు.

అన్ని కథల్లోనూ గ్లాస్ కథలోలా ఒక మెరుపు ఉండాలని లేదు. ఏమీ జరగకపోవడమే కథ అయిన ఆటగాడు కూడా ఉన్నాడు. ఎవర్టన్‌లో టోనీ హిబ్బర్ట్ అనే రైట్‌బ్యాక్ (కుడి అంచున ఆడే డిఫెండర్) ఉండేవాడు. చిన్నప్పటి నుంచి ఆ క్లబ్‌లోనే పెరిగాడు, 2001 నుంచి 2016 దాకా సీనియర్ టీమ్‌లో ఉన్నాడు, ఆ కాలమంతా వేరే క్లబ్‌కు ఆడలేదు. మొత్తం 328 మ్యాచులు. గోల్స్ సున్నా. అతను ఎప్పుడైనా గోల్ కొడితే గొడవ గొడవ చేసేస్తామని అభిమానులు బ్యానర్ కట్టుకుని తిరిగేవారు. ఆ మాటలో వెక్కిరింపు ఉన్నట్టు అనిపిస్తుంది కానీ లేదు, అదంతా ముద్దు. 2012 ఆగస్టులో అతని గౌరవార్థం ఏఈకే ఏథెన్స్‌తో ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టారు. అందులో ఫ్రీకిక్ దొరికితే హిబ్బర్ట్‌ను కొట్టమన్నారు. కొట్టాడు, లోపలికి వెళ్లింది. అన్నమాట ప్రకారం అప్పటి ఎవర్టన్ మైదానం గుడిసన్ పార్క్‌లోని జనం మైదానంలోకి దూకేసి అతన్ని చుట్టుముట్టారు. రికార్డు పుస్తకంలో ఆ గోల్ ఉండదు, స్నేహపూర్వక మ్యాచ్ కాబట్టి. ఆ మైదానంలో కప్పులు గెలిపించిన గోల్స్ ఎన్నో పడ్డాయి. అయినా ఆ రోజు దూకినవాళ్లను అడిగి చూడండి, ముందు ఏది చెబుతారో.

హిబ్బర్ట్‌ను ఎందుకు అంతగా ప్రేమించారు? నా లెక్క ప్రకారం ఒకటే కారణం. స్టాండ్స్‌లో ఉన్న మనలో ఎవరికైనా ఒకవేళ ఆ జెర్సీ వేసుకునే అదృష్టం దొరికితే, మనం అలాగే ఆడతాం. గొప్పగా ఆడలేం, కానీ ఒళ్లు దాచుకోం. గొప్ప ఆటగాడిని చూస్తే తల ఎత్తి చూడాలి. ఇలాంటివాడిని చూస్తే మన పక్కింటివాడు లోపల ఆడుతున్నట్టుంటుంది.

షాన్ గోటర్‌ది కూడా ఇలాంటి కథే, కాకపోతే గోల్స్ ఉన్నాయి. ఇవాళ మాంచెస్టర్ సిటీ అంటే డబ్బు, కప్పులు. కానీ 1998లో ఆ క్లబ్ మూడో అంచెకు పడిపోయింది. ఆ ఏడాది మార్చిలో బర్ముడా దీవి నుంచి వచ్చిన ఈ స్ట్రైకర్‌ను కొన్నారు. మొదట్లో అభిమానులకు అతని మీద నమ్మకం కలగలేదు. బంతిని ఆపుకోవడంలో తడబాటు, చూడటానికి అందంగా ఉండని ఆట. అయినా వరుసగా నాలుగు సీజన్లు క్లబ్ టాప్ స్కోరర్ అతనే. మొత్తం 103 గోల్స్. ఇంటిపేరులో 'గోట్' ఉంది కదా, "మేకకు మేత వేయండి, గోల్ కొడుతుంది" అనే అర్థం వచ్చేలా పాట కట్టారు. 2002 నవంబర్ 9న, సిటీ పాత మైదానం మెయిన్ రోడ్‌లో జరిగిన ఆఖరి మాంచెస్టర్ డెర్బీలో (ఊళ్లోని రెండు క్లబ్‌లు సిటీ, యునైటెడ్ తలపడే మ్యాచ్), యునైటెడ్ డిఫెండర్ గ్యారీ నెవిల్ తడబడితే అతని దగ్గర బంతి లాక్కుని ఒక గోల్, తర్వాత ఇంకోటి. సిటీ 3-1తో గెలిచింది. ఆ రెండో గోల్ క్లబ్ తరఫున అతనికి నూరోది. తర్వాతి కాలంలో ఆ క్లబ్‌కు గోటర్ కంటే పదింతలు నైపుణ్యం ఉన్నవాళ్లు వచ్చారు. మూడో అంచె నుంచి పైకి మోసుకొచ్చినవాడి చోటు మాత్రం ఎవరికీ దక్కదు. కష్టకాలంలో ఇంటికి వచ్చిన చుట్టాన్ని మనం ఎలా చూస్తామో, ఇదీ అలాగే.

ఇక టోనీ యెబోవా. అతని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు ఇష్టమైనవాడు కాబట్టి.

ఘనా నుంచి వచ్చిన యెబోవా 1995 జనవరిలో లీడ్స్ యునైటెడ్‌లో చేరాడు. అదే ఏడాది ఆగస్టు 21న లివర్‌పూల్ మీద, గాల్లోంచి దిగుతున్న బంతిని నేల తాకనివ్వకుండా చాలా దూరం నుంచి కొట్టాడు. అది క్రాస్‌బార్ (గోల్ పై కమ్మీ) అడుగుభాగాన్ని తాకి లోపల పడింది. నెల తర్వాత, సెప్టెంబర్ 23న వింబుల్డన్ మీద, ఛాతీతో అందుకుని, తొడతో సర్దుకుని, పక్కకు జరిగి కొట్టిన షాట్ మళ్లీ అదే బార్ అడుగున తగిలి లోపలికి దూసుకెళ్లింది. ఆ రోజు హ్యాట్రిక్. 1997కల్లా వెళ్లిపోయాడు. లీడ్స్‌తో ఒక్క కప్పూ గెలవలేదు, ఆడినవి 66 మ్యాచులే. అయినా బార్‌కు తగిలి గోల్ పడితే చాలు, లీడ్స్ అభిమానులకు ఇవాళ్టికీ యెబోవాయే గుర్తొస్తాడు. బంతి నెట్‌లోకి నేరుగా వెళ్లడం వేరు, ఇనుము మోగించి వెళ్లడం వేరు. ఆ చప్పుడు విన్నవాళ్లు మర్చిపోరు.

అయితే యెబోవాను దాచుకున్న ఊరు ఇంకోటి ఉంది, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్. లీడ్స్‌కు రాకముందు అక్కడి ఐన్‌ట్రాక్ట్‌కు ఆడాడు. 1993, 1994లో జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లీగాలో అత్యధిక గోల్స్ కొట్టినవాళ్లలో ఒకడు. కానీ మొదట్లో, నల్లజాతివాడని స్టేడియాల్లో కోతి అరుపులు అరిచేవారు. 1990లో అతనూ, ఆంథోనీ బాఫో, సులేమాన్ సానే అనే మరో ఇద్దరు ఆటగాళ్లూ కలిసి దాని మీద బహిరంగ లేఖ రాశారు. తర్వాత యెబోవా ఆ టీమ్‌కు కెప్టెన్ కూడా అయ్యాడు. ఇవాళ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక అపార్ట్‌మెంట్ గోడ నిండా అతని బొమ్మ ఉంది. పక్కన అతని మాట ఉంది: మా మీద అరిచేవాళ్లందరి తరఫునా మేం సిగ్గుపడుతున్నాం అని. ఆ గోడ గురించి తెలిసినప్పటి నుంచి నాకు కల్ట్ హీరో అనే మాట బరువు పెరిగింది. అభిమానులు ఒక ఆటగాడిని గుర్తుపెట్టుకోవడమంటే అతనిచ్చిన సంతోషాన్ని మాత్రమే దాచుకోవడం అనుకునేవాణ్ని. అతని పట్ల చేసిన తప్పును కూడా దాచుకోవచ్చని, గోడ మీద రాసి పిల్లలకు చూపించవచ్చని అప్పుడు తెలిసింది.

ఊరి రాజకీయం, ఊరి స్వభావం ఆటగాడిలో కనిపించడం ఇంకో దారి. ఇటలీలో లివోర్నో ఓడరేవు ఊరు, 1921లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీ పుట్టింది అక్కడే. అక్కడే పుట్టిన క్రిస్టియానో లుకరెల్లి 2003లో జీతం బాగా తగ్గించుకుని సొంత ఊరి క్లబ్‌కు వచ్చాడు. 1999లో ఏర్పడిన అభిమానుల సంఘం గుర్తుగా 99 నంబర్ జెర్సీ వేసుకున్నాడు. మొదటి సీజన్‌లోనే 29 గోల్స్‌తో క్లబ్‌ను ఇటలీ అగ్ర లీగ్ 'సీరీ ఆ'లోకి చేర్చాడు, 55 ఏళ్ల తర్వాత. ఆ మరుసటి ఏడాది 24 గోల్స్‌తో మొత్తం సీరీ ఆలోనే టాప్ స్కోరర్. ఇటలీలో అతనికంటే మంచి స్ట్రైకర్లు ఉన్నారు. డబ్బు వదులుకుని ఇంటికి వచ్చిన కొడుకు మాత్రం ఆ ఊరికి అతనొక్కడే.

చాలామంది పాత అభిమానులు వీడియో కూడా లేని ఆటగాళ్ల గురించే ఎక్కువ ఆవేశంగా మాట్లాడతారు, మీరు గమనించే ఉంటారు. రాబిన్ ఫ్రైడే అలాంటివాడు. 1974 నుంచి 1976 చివరి దాకా రెడింగ్‌కు, తర్వాత కొద్దికాలం కార్డిఫ్ సిటీకి ఆడాడు. పాతికేళ్ల వయసుకే ఆట మానేశాడు. పై డివిజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1976 మార్చి 31న ట్రాన్‌మియర్ రోవర్స్ మీద, గోల్ వైపు వీపు పెట్టి ఛాతీ మీద బంతిని అందుకుని, గిరుక్కున తిరిగి గాల్లోనే కొట్టాడట. ఆ మ్యాచ్ రిఫరీ క్లైవ్ థామస్ పెద్ద పెద్ద మ్యాచులు నడిపినవాడు, అతనే అలాంటి గోల్ చూడలేదని చెప్పాడు. ఆ గోల్ ఫిల్మ్ మీద లేదు. చూసినవాళ్లు చెప్పిందే మిగిలింది. రెడింగ్ అభిమానులు అతన్ని సహస్రాబ్దికే తమ మేటి ఆటగాడిగా ఎన్నుకున్నారు. 2004లో బీబీసీ క్లబ్ క్లబ్‌కూ కల్ట్ హీరోలను ఎన్నుకోమంటే రెడింగ్‌లోనూ కార్డిఫ్‌లోనూ అతని పేరే వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్రైడే తాగుడు, మత్తుమందులు, జైలు గురించిన కథలు చాలామంది సరదాగా చెబుతారు. అతను 1990లో 38 ఏళ్లకే చనిపోయాడు. అది సరదా విషయం కాదు. అతని ఆటను ప్రేమించండి, కానీ ఆ మనిషికి సాయం చేసేవాళ్లు లేకపోయారన్నది కూడా ఆ కథలో భాగంగానే చెప్పండి.

మన దేశంలో కూడా ఇలాంటి పేరు ఒకటుంది. 1978 ప్రపంచకప్‌కు వెళ్లిన ఇరాన్ జట్టులో ఉన్న మజీద్ బిష్కర్ ఆ తర్వాత అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చి, 1980లో అక్కడి నుంచి కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆ క్లబ్‌లో ఎక్కువ కాలం లేడు. తర్వాత దేశం వదిలి వెళ్లిపోయాడు. కానీ కోల్‌కతా అతన్ని వదల్లేదు. 2019లో క్లబ్ నూరేళ్ల పండుగకు పిలిస్తే వచ్చాడు. తండ్రుల నోట అతని గురించి వినడమే తప్ప ఎప్పుడూ చూడని కుర్రాళ్లు కూడా స్వాగతం పలకడానికి వెళ్లారు. (మజీద్‌తో పాటే వచ్చిన జంషీద్ నసిరి కోల్‌కతాలోనే ఉండిపోయాడు. అతని కొడుకు కియాన్ 2022 జనవరిలో కోల్‌కతా డెర్బీలో హ్యాట్రిక్ కొట్టాడు, అదీ తండ్రి ఆడిన ఈస్ట్ బెంగాల్ మీదే! ఇలాంటివి ఎవరైనా ఊహించి రాస్తే నమ్మం.)

మీ చివరి ప్రశ్న, ముందే చెప్పగలమా అన్నది. చెప్పలేం. కానీ ఎక్కడ వెతకాలో చెప్పగలను: బెంచ్ మీద.

డివోక్ ఒరిగిని తీసుకోండి. 2018 డిసెంబర్ నాటికి లివర్‌పూల్‌లో అతను ఉన్నాడన్న సంగతే చాలామంది మర్చిపోయారు. ఆ సీజన్ లీగ్‌లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. డిసెంబర్ 2న ఎవర్టన్ మీద చివర్లో దింపారు. 96వ నిమిషంలో బార్ మీద ఆడిన బంతిని కీపర్ సరిగా పట్టుకోలేకపోతే తలతో లోపలికి నెట్టాడు, 1-0. తర్వాతి మే 7న బార్సిలోనాతో యూరప్ క్లబ్‌ల చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. మొదటిదాంట్లో 0-3తో ఓడారు. గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాళ్లు సలా, ఫిర్మినో ఇద్దరూ గాయాలతో లేరు. ఒరిగి మొదటి గోల్ కొట్టాడు, ఆఖరి గోల్ కూడా అతనే. బార్సిలోనా డిఫెండర్లు అటు తిరిగి ఉండగానే ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ గబుక్కున వేసిన కార్నర్ అది. 4-0, రెండు మ్యాచులూ కలిపి 4-3. జూన్ 1న ఫైనల్లో మళ్లీ బెంచ్ మీద నుంచి వచ్చి 87వ నిమిషంలో గోల్. లివర్‌పూల్‌లో అతని గోల్స్ మొత్తం 41. సలా ఒక్క సీజన్‌లోనే అంతకంటే ఎక్కువ కొట్టినవాడు. అయినా ఒరిగి పేరు వింటే ఆ అభిమానుల ముఖం మీద వచ్చే నవ్వు వేరు. సలా గోల్ కొడతాడని అందరూ నమ్మారు. ఒరిగి కొట్టినప్పుడల్లా నమ్మలేకపోయారు.

ఈ రోజుల్లో కల్ట్ హీరోలు పుట్టరని, ఆటగాళ్లు రెండేళ్లకోసారి క్లబ్ మారిపోతున్నారని కొందరు బాధపడతారు. ఒరిగిని చూశాక నేను ఆ మాట ఒప్పుకోను. ఒప్పుకునేది ఒకటే: క్లబ్‌ల మార్కెటింగ్ వాళ్లు టీషర్టులు అచ్చువేసి ఎవరినో కల్ట్ హీరో చేద్దామని చూస్తున్నారు. అలా తయారైనవాడిని మరుసటి సీజన్‌కు ఎవరూ తలుచుకోరు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ క్లబ్ మ్యాచ్‌లో ఏదైనా నమ్మలేనిది జరిగితే, ఆ రాత్రే రాసిపెట్టుకోండి. ఎన్నో నిమిషం, ఎవరు పాస్ ఇచ్చారు అన్నవి వీడియోలో ఉంటాయి. మీ చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు, మీరు ఎవరికి ఫోన్ చేశారు, గొంతు ఎప్పుడు పోయింది, అవి రాయండి. పదేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన అభిమాని ఎవరో మిమ్మల్ని ఇదే ప్రశ్న అడిగినప్పుడు అవి కావాలి.

అలాగే ఈసారి పాత అభిమానులు కలిసినప్పుడు, ఆ ఆటగాడు ఎన్ని గోల్స్ కొట్టాడని అడగకండి. ఆ గోల్ పడినప్పుడు మీరు ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు అని అడగండి. జవాబుకు చాలాసేపు పడుతుంది, తీరిక చూసుకుని వెళ్లండి.